ఆట చేసినవాడు - ఆడినవాడు

కంప్యూటరుపైనను, చేతిఫోనుపైనను ఆడు ఆటలలో ‘రోల్ ప్లేయింగ్ గేమ్’ అనునది ఒక జాతి. దీనిని మనము పాత్రధారణ ఆట అని పిలుచుకొందము. ఆటగాడు ఇందులో ఒక పాత్రను ధరించును. ఆ పాత్రకు ప్రాణబలము, దెబ్బశక్తి, నేర్పు మొదలగునవి అంకెల రూపమున ఉండును. పాత్ర ఊరూరు తిరిగి, మనుష్యులతో మాటలాడి, శత్రువులతో పోరాడి అనుభవము గడించిన కొలది ఆ అంకెలు పెరుగును. మన వైకుంఠపాళిలో అంతయు పాచిక ఇష్టము. చదరంగములో అంతయు ఆడువాని బుద్ధి. పాత్రధారణ ఆట ఈ రెండింటికి నడుమ నిలుచును. అదృష్టము కొంత, ఎన్నిక కొంత, వీనిని కలిపి కుట్టు దారముగా ఒక కథ.

ఇట్టి ఆటలను పెద్ద కంపెనీలు వందలాది పనివారితో తయారు చేయుచున్నవి. వారికి దూరముగా, ఒక్కరుగానో ఇద్దరుగానో కూర్చుండి, జీతము లేకయే, ఇష్టము కొలది చేయువారును లోకమున ఎందరో కలరు. 1992లో జపానుకు చెందిన ఆస్కీ సంస్థ, ప్రోగ్రామింగు రానివారు సైతము ఇట్టి ఆటను కూర్చుకొనుటకు వీలైన ఉపకరణమును విడుదల చేసెను. దాని తరువాతి రూపములే నేడు ‘ఆర్.పి.జి. మేకర్’ అను పేర లోకమంతట వాడుకలో ఉన్నవి. 2014 నుండి ‘గోడో’ వంటి ఉచిత ఉపకరణములును లభించుచున్నవి. దేవరుప్పుల వంటి మండల కేంద్రములోని విద్యార్థికి నేడు ఒక కంప్యూటరు, కొంత ఓపిక ఉన్న చాలును.

కొరతపడినది వేరొకటి. మన ప్రాంతపు విద్యార్థి ఒక చిన్న ఆట చేసి చూపినప్పుడు అతనికి సాధారణముగా లభించునవి రెండే: “బాగున్నది” అను ఒక్క మాట, లేక “చదువు పాడగును” అను ఒక మందలింపు. మొదటిదానివలన అతడు సంతోషించును, రెండవదానివలన చిన్నబుచ్చుకొనును. ఆట మాత్రము రెండింటివలనను ఒక్క అంగుళమైన బాగుపడదు. ఈ వ్యాసమున విమర్శింపదలచినది ఈ అలవాటునే.

గుహలో తప్పు పట్టిన ఆటగాడు

కంప్యూటరు సాహస కథలకు మూలపురుషుడు అమెరికాకు చెందిన ప్రోగ్రామరు విల్ క్రౌథర్. గుహలను శోధించుట, వాని పటములు గీయుట అతని అభిరుచి. కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహలను అతడు బాగుగా ఎరుగును. 1975-76 ప్రాంతమున అతడు తన కుమార్తెలు ఆడుకొనుటకై ఆ గుహలనే రంగముగా తీసికొని, ఫోర్ట్రాన్ భాషలో ‘అడ్వెంచర్’ అను ఆటను వ్రాసెను. బొమ్మలు లేవు, అంతయు మాటలే. ఆటగాడు “ఉత్తరమునకు పొమ్ము”, “దీపము తీసికొనుము” అనునట్లు చిన్న చిన్న ఆజ్ఞలు టైపు చేయవలెను.

ఈ ఆట కంప్యూటరునుండి కంప్యూటరునకు ప్రాకి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాన్ వుడ్స్ అను విద్యార్థి కంటబడెను. అతడు ఆడెను; తప్పు పట్టెను. అంతటితో ఊరకుండలేదు. వ్రాసినవాని పేరు మాత్రమే తెలియును, చిరునామా తెలియదు. నాటి నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లు కొద్దియే కనుక, వానిలో ప్రతిదానికి ‘క్రౌథర్’ అను పేర ఉత్తరము పంపెను. క్రౌథర్ దొరికెను, ప్రోగ్రామును ఇచ్చెను. 1977లో వుడ్స్ దానిని సవరించి, పెంచి, క్రొత్త పాత్రలను, చిక్కుముడులను చేర్చెను. లోకమునకు తెలిసిన ‘అడ్వెంచర్’ ఈ రెండవ రూపమే.

ఇందలి విశేషమును గమనింపవలెను. వుడ్స్ చేసిన ఫిర్యాదే అతనికి సహరచయిత పదవిని సంపాదించి పెట్టినది. క్రౌథర్ గుణమును కూడ మరువరాదు. ముక్కుముఖము తెలియనివాడు తప్పు చూపగా కోపించినచో, ఆ ఆట ఒక యింటి పిల్లల ఆటగానే ముగిసియుండెడిది.

ఇరువది యెనిమిది ప్రయత్నములు

కంప్యూటరుకన్న ముందు, కాగితముపై పాచికలతో ఆడు పాత్రధారణ ఆట పుట్టినది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కూర్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వేయి ప్రతులతో అచ్చయ్యెను. దాని నియమములు ఒక్కరి తలలోనుండి ఒక్కనాడు ఊడిపడలేదు. అచ్చునకు ముందు ఇద్దరును తమ తమ ఊళ్లలో మిత్రబృందములతో ఆడుచు, కుదరని నియమమును మార్చుచు వచ్చిరి. ఆడినవారి సణుగుడే ఆ గ్రంథమునకు మొదటి సంపాదకత్వము.

టెక్సాసులోని హైస్కూలు విద్యార్థి రిచర్డ్ గారియట్ ఆ ఆటను కంప్యూటరుపైకి తేదలచెను. పాఠశాలలో ఉన్నది తెర లేని టెలిటైపు యంత్రము. చెప్పినదంతయు కాగితముపై అచ్చుకొట్టునది. దానిపై అతడు వరుసగా ఆటలు వ్రాసి, ఒకటి, రెండు, మూడు అని సంఖ్యలు వేసుకొనెను. ఆ వరుసలో ఇరువది యెనిమిదవదానిని పెంచి ఆపిల్ కంప్యూటరునకు మార్చినదే ‘అకలబెత్’. అది 1979లో వెలువడెను. తరువాతి కాలమున అతని ‘అల్టిమా’ ఆటలు ప్రసిద్ధములైనవి. మన విద్యార్థులు గ్రహింపదగినది ఆ కీర్తిని కాదు, ఆ సంఖ్యను. ఒక ఆట వెనుక ఇరువది యేడు ఆటలున్నవి. ప్రయోగశాలలో మనము ఒక కొలతను పలుమార్లు తీయునట్లే, ఆటను కూడ పలుమార్లు చేయవలసియున్నది.

‘అండర్‌టేల్’ గుణదోషములు

ఈ కాలపు ఉదాహరణము ‘అండర్‌టేల్’. టోబీ ఫాక్స్ అను అమెరికా యువకుడు దాదాపు ఒంటరిగా, బొమ్మలకు టెమీ చాంగ్ సాయము పొంది, చేసిన ఆట యిది. 2013లో అతడు మొదటి భాగమును మాత్రము నమూనాగా అందరి ముందుంచెను. అది నచ్చినవారు కిక్‌స్టార్టర్ ద్వారా 50 వేల డాలర్లకు పైగా చందాలిచ్చిరి. పూర్తి ఆట 2015 సెప్టెంబరులో వచ్చెను. తుదివరకు దాచిపెట్టక, సగము పండిన పనిని పదిమంది ముందు పెట్టుట అతడు చేసిన వివేకవంతమైన పని.

ఈ ఆట గుణము దాని ప్రశ్నలో ఉన్నది. పాత్రధారణ ఆటలలో సాధారణముగా శత్రువును చంపినచో అనుభవము పెరుగునని లెక్క. ఎందుకు చంపవలెనని ఎవరును అడుగరు. ఇందులో ఒక్క ప్రాణిని చంపకయు ఆటను ముగింపవచ్చును. మాటలతో, ఓర్పుతో గట్టెక్కవచ్చును. చంపుచు పోయినవానికి, తాను గడించిన అంకెలు అనుభవమునకు గాక హింసకు కొలతలని తుదిలో తెలియును. ఆటను మూసి మరల తెరచినను, వెనుక చేసిన కొన్ని పనులను ఆ ఆట మరువదు. జాతి మొత్తమునకు అలవాటైన ఒక లెక్కను నిలదీసి అడిగిన విమర్శ యిది. ఆట రూపమున ఉన్నది.

దోషములును కలవు. శత్రువు విసరు వానిని తప్పించుకొనుటకు వ్రేళ్ల వేగము కావలెను. కథకొరకు వచ్చిన పాఠకుని వంటి ఆటగాడు వ్రేళ్ల మందగతివలన వాకిట నిలిచిపోవును. హాస్యములో కొంత భాగము పాత ఆటలను ఎరిగినవారికే తెలియును. మన పల్లె విద్యార్థికి ఆ చమత్కారము అందక జారిపోవును. ఈ రెండు దోషములును చేసినవానికి తమంతట కనబడునవి కావు. అతని వ్రేళ్లకు ఆ ఆట అలవాటు. అతని మనస్సుకు ఆ పాత ఆటలు బాల్యమిత్రులు. పరాయివాడు ఆడిననే ఇవి బయటపడును.

అంకెలలోని అన్యాయము

“ఈ రాక్షసునితో పోరు అన్యాయముగా ఉన్నది” అని ఒక ఆటగాడు చెప్పెననుకొందము. చేసినవాడు ఏమి చేయవలెను? ఇచ్చట గణితము అక్కరకు వచ్చును.

నాయకుని ప్రాణబలము 30, రాక్షసునిది 40 అనుకొనుడు. ముందు నాయకుడు కొట్టును. దెబ్బ తగిలినచో రాక్షసునికి 8 తగ్గును. కాని నాలుగింటికి సగటున మూడే తగులును. రాక్షసుని దెబ్బ ప్రతిసారియు తగిలి 5 తగ్గించును. కనుక నాయకునికి ఆరు అవకాశములే. ఆరవ ఎదురుదెబ్బతో అతడు కూలును. రాక్షసుడు చచ్చుటకు ఐదు దెబ్బలు తగులవలెను. ద్విపద సిద్ధాంతము ననుసరించి, ఆరును తగులుటకు సంభావ్యత 0.178, సరిగా ఐదు తగులుటకు 0.356. మొత్తము 0.534. అనగా నూరుమంది ఆడినచో సుమారు 53 మంది గెలుతురు, 47 మంది ఓడుదురు. ఫిర్యాదు సబబైనదే.

దయగల నిర్మాత రాక్షసుని ప్రాణబలమును 40 నుండి 35కు తగ్గించెననుకొందము. ఏమి మారినది? ఏమియు మారలేదు. 35కును ఐదు దెబ్బలే కావలెను. 33కు తగ్గించినను అంతే. “ఏమియు మార్చలేదే!” అని ఆటగాడు విసుగుకొనును, “ఎంత తగ్గించినను తృప్తి లేదే!” అని నిర్మాత విసుగుకొనును. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. ఇంకొక్కటి తగ్గించి 32 చేసినచో నాలుగు దెబ్బలు చాలును. అప్పుడు గెలుపు సంభావ్యత ఒక్కసారిగా 0.83కు ఎగబ్రాకును. 33కును 32కును ఉన్న భేదము ఒక్కటే. ఆ ఒక్కటివలన నూటికి 30 మంది అదృష్టము మారినది.

దీనినుండి తేలునదేమనగా, ఆడినవాడు నొప్పిని చెప్పగలడు, మందును చెప్పజాలడు. “రాక్షసుని బలము ఐదు తగ్గింపుము” అను సలహాకన్న, “నాలుగు మారులు ఆడితిని, మూడు మారులు ఓడితిని, రెండు మారులు అతనికి మిగిలినది ఒక్క దెబ్బయే” అను వార్త ఎక్కువ విలువైనది. వార్తను ఆటగాడు ఈయవలెను. కారణమును నిర్మాత వెదకవలెను.

ఐతే ఆటగాని మనోభావమునకు అంకెలే లొంగిపోవలెనా? ప్రసిద్ధ నిర్మాత సిడ్ మైయర్ 2010లో చేసిన ఒక ప్రసంగమున, మూడింటికి ఒకటి చొప్పున తమకు అనుకూలమైన పోరులో ఓడినవారు అది అన్యాయమని భావించిరని చెప్పెను. నాలుగింటిలో ఒకటి ఓడుట గణితమునకు న్యాయమే, మనస్సుకు కాదు. జపాను వారి ‘ఫైర్ ఎంబ్లెమ్’ వరుసలో 2002 నుండి వచ్చిన పలు ఆటలు రెండు యాదృచ్ఛిక సంఖ్యల సగటును వాడినవి. అందుచేత తెరపై 90 అని చూపిన దెబ్బ నిజమునకు నూటికి 98 మారులు తగులును. ఆటగాడు సంతోషించును, కాని సంభావ్యతను గూర్చి అబద్ధము నేర్చుకొనును. విజ్ఞానశాస్త్రము బోధించు మనకు ఇది సమ్మతము కారాదు. చూపిన అంకె నిజమైనదిగా ఉంచి, ఆటగాడు మరల నిలద్రొక్కుకొనుటకు వేరొక దారి కల్పించుట మేలు. అభిప్రాయమును వినుట వేరు, దానికి దాసుడగుట వేరు.

ఎందరు ఆడి చూడవలెను?

1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండయర్ అనువారు కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించు విషయమున ఒక సూత్రమును ప్రతిపాదించిరి. వారు పరిశీలించిన సందర్భములలో ఒక్కొక్క పరీక్షకుడు సగటున నూటికి 31 లోపములను బయటపెట్టెను. అనగా మొదటివాని తరువాత మిగులునవి 69. రెండవవాని తరువాత 48. మూడవవాని తరువాత 33. నాల్గవవాని తరువాత 23. ఐదవవాని తరువాత 16. ఐదుగురు చూచినచో 84 వంతులు దొరకునన్నమాట. ఇది రేడియోధార్మిక క్షయమువంటి లెక్కయే.

ఈ సూత్రమును గుడ్డిగా నమ్మరాదు. 2001లో వెబ్‌సైటులపై జేరెడ్ స్పూల్, విల్ ష్రోడర్ జరిపిన పరిశీలనలో మొదటి ఐదుగురు 35 వంతుల లోపములనే పట్టగలిగిరి. పని విశాలమైన కొలది, మనుష్యులు భిన్నమైన కొలది, ఐదుగురు చాలరు. పాత్రధారణ ఆట విశాలమైనది, దారులు పెక్కు. కనుక ఒకేసారి ఇరువదిమందికి చూపుటకన్న, ఐదుగురికి చూపి, సవరించి, మరి ఐదుగురికి చూపుట తెలివైన పద్ధతి. సవరణలు చేయునప్పుడు క్రొత్త లోపములు పుట్టును గదా!

ఐదుగురును ఒకే బెంచీమీది మిత్రులైనచో ప్రయోజనము తక్కువ. 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షాతో కలిసి, పలువురు ఒకేసారి ఆడు మొదటి సాహస లోకములలో ఒకదానిని నిర్మించిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్లను నాలుగు తెగలుగా విభజించెను: విజయములు కోరువారు, మూలమూలలు శోధించువారు, మాటామంతీ కోరువారు, ఇతరులను ఓడించి ఆనందించువారు. శోధకునికి కనబడు తప్పు విజయకాంక్షికి కనబడదు.

అన్నింటికన్న ముఖ్యులు, ఆటను సగములో విడిచినవారు. వారే ఏమియు చెప్పకుండ పోవుదురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, తిరిగివచ్చిన విమానముల గుండ్ల గుర్తులను చూచి ఎక్కడ కవచము వేయవలెనని ఆలోచించునప్పుడు, అబ్రహాం వాల్డ్ అను గణాంకశాస్త్రజ్ఞుడు తిరిగిరాని విమానములను గూర్చి ఆలోచింపుమని బోధించెను. ఆట విషయమున తిరిగిరాని విమానము, ముగింపక విడిచిపోయిన ఆటగాడే. “ఎక్కడ మానితివి?” అను ప్రశ్న “నచ్చినదా?” అను ప్రశ్నకన్న పదిరెట్లు మేలు.

తెలుగు ఆటకు తెలుగువారే పరీక్షకులు

కొన్ని లోపములు మనము తప్ప ఇతరులు చూడజాలరు. మొదటిది లిపి. ‘స్త్రీ’ అను మాట మన కంటికి ఒకే అక్షరము. యూనికోడు లెక్కలో ఆరు సంకేతములు. వానిని కలిపి ఒక రూపముగా గీయుటకు ప్రత్యేక ఏర్పాటు కావలెను. సంభాషణను ఒక్కొక్క సంకేతముగా తెరపై గీయు ఉపకరణములలో ఒత్తులు ఊడి ప్రక్కన పడును, గుణింతములు విడిపోవును. గోడో ఉపకరణమునకు ఈ ఏర్పాటు 2023 మార్చిలో వచ్చిన నాల్గవ రూపముతో సమకూడినది. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించువారికి ఈ బాధ యుండదు. ఏ మాటలో ఏ ఒత్తు విరిగినదో వ్రాసి పంపవలసినది తెలుగు చదువు వచ్చిన పిల్లవాడే.

రెండవది విషయము. దేవరుప్పుల మండలములోని కడవెండి గ్రామమున 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి కాల్పులకు బలియయ్యెను. తెలంగాణ సాయుధపోరాట చరిత్రలో అది మరపురాని దినము. ఒక విద్యార్థి ఆ కాలమును ఆటగా చేసెననుకొందము. అందులో గడీ, వెట్టి, సంఘము, పొలము, వాకిలి అన్నియు రావలెను. పాత్ర మాటలాడు యాస సరియైనదా, ఆ కాలపు ఇల్లు అట్లే యుండునా అని చెప్పగలవారు ఊరి పెద్దలే. నిజముగా ప్రాణములు పోయిన కథలో, చంపినకొద్ది అంకెలు పెరుగునట్టి లెక్క తగునా అని అడుగగలవారును వారే. ఇది వట్టి ఆటలోని లోపము కాదు, చరిత్రపట్ల బాధ్యత. ఆడి చూచి మాటలాడువారు లేనిచో తప్పుడు చిత్రమే పిల్లల మనస్సులలో నిలిచిపోవును.

ఈ అలవాటు మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. చుక్క సత్తయ్య వంటి కళాకారుని మూలమున పేరు పొందిన ఒగ్గుకథలో, కథకుడు ఒంటరిగా చెప్పుకొని పోడు. వంతలు అడ్డు ప్రశ్నలు వేయుదురు, ఊకొట్టుదురు, ఎదుట కూర్చున్నవారి ముఖములను బట్టి కథ సాగును లేక కుదియును. వినువారు లేని కథ యెట్టిదో, ఆడి చెప్పువారు లేని ఆట అట్టిది.

చెప్పు విధము

ఎలక్ట్రానిక్సు చదివినవారు ఫీడ్‌బ్యాక్ అను మాటను ఎరుగుదురు. 1927లో హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు, వర్ధకమునుండి వెలువడు సంకేతములో కొంత భాగమును వ్యతిరేక దిశలో మరల లోనికి పంపినచో, బలము కొంత తగ్గినను వికృతి చాల తగ్గునని కనుగొనెను. అదే భాగమును అనుకూల దిశలో పంపినచో ఏమగునో సభలలో మైకు, స్పీకరుకు దగ్గరైనప్పుడు మనము వినుచునే యున్నాము: చెవులు పగులు కూత. వట్టి పొగడ్తయు అట్టిదే. విమర్శ నిర్మాత ఉత్సాహమును కొంత తగ్గించును. పనిలోని వికృతిని మిక్కిలి తగ్గించును. ఐతే వ్యతిరేక భాగము మితిమీరినచో వర్ధకము మూగపోవును. పదునైదేండ్ల పిల్లవాని మొదటి ఆటపై ఎగతాళి కురిపించినచో రెండవ ఆట పుట్టదు.

కనుక ఆడినవారు నాలుగు సంగతులు వ్రాసిన చాలును. నేనేమి చేసితిని? ఏమి జరుగునని అనుకొంటిని? ఏమి జరిగినది? అప్పుడు నాకేమి తోచినది? ఇవి ప్రయోగశాల రికార్డులో మనము వ్రాయునట్టివే: విధానము, ఊహ, పరిశీలన, వ్యాఖ్య. “చెత్తగా ఉన్నది” అను మాటలో వీనిలో ఒక్కటియు లేదు. “అద్భుతము” అను మాటలోను లేదు. నచ్చినదానిని సైతము ఇట్లే వివరముగా చెప్పవలెను. లేకున్న నిర్మాత సవరణల పేర మంచిదానినే తీసివేయవచ్చును.

నిర్మాతకును నియమములు కలవు. ఇతరులు ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి “అక్కడ నొక్కుము” అని చెప్పరాదు. ఆట వెంట అతడు ప్రతి యింటికి పోజాలడు గదా! విన్నదానికి వాదింపక వ్రాసికొనవలెను. ఒక్కరు చెప్పినది గుర్తు పెట్టుకొనవలెను. ముగ్గురు చెప్పినది వెదకి చూడవలెను. సవరించిన పిమ్మట, “నీవు చెప్పినదానివలన ఇది మారినది” అని ఆ ఆటగానికి తెలుపవలెను. తన మాట ఫలించెనని ఎరిగినవాడు మరల చెప్పును. ఎరుగనివాడు మౌనము వహించును.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. తరగతిలో ఎవరైన ఆట చేసినచో, నెలకు ఒక్క పీరియడు కేటాయించి, ఐదుగురిచేత ఆడించి, పై నాలుగు ప్రశ్నలకు ఒక పుటలో జవాబులు వ్రాయింపుడు. సంభావ్యత పాఠము, తెలుగు వ్యాసరచన, పరిశీలన యను మూడును ఆ ఒక్క పుటలో ఇమిడియున్నవి. చేసినవాడు ప్రోగ్రామరు కాకపోవచ్చును, ఆడినవారు విమర్శకులు కాకపోవచ్చును. తన పనిని పరుల కంటితో చూచుకొనుట ఒకరును, పరుల పనిని నొప్పింపక నిజముగా కొలుచుట ఐదుగురును నేర్చుకొందురు. శాస్త్రజ్ఞుల సంఘము నిలిచియున్నది ఈ రెండు నేర్పులపైననే.